నీలం చుక్క గిటారు

కళ్ళద్దాల షాపు వెనక గదిలో, లెన్సులు అరగదీసే మిషన్లు మధ్యాహ్నం ఒంటిగంటకి ఆగుతాయి. మళ్ళీ ఒకటిన్నరకి మొదలవుతాయి. ఆ అరగంటా అందరూ భోజనం చేస్తారు, ఇంట్లోవాళ్ళ మీద చాడీలు చెప్పుకుంటారు, టైముంటే ఒక కునుకు తీస్తారు. ఆమె మాత్రం డబ్బా మూత తీసి పక్కన పెట్టుకుని, కుడిచేత్తో తింటూ ఎడంచేతి బొటనవేలితో ఫోనులో గిటార్లు చూస్తుంది.

ఆమెకి గిటారు వాయించడం రాదు. సరిగ్గా పట్టుకోవడం కూడా రాదు. అయినా ఏ షాపులో ఏ గిటారు ఎన్నాళ్ళుగా అమ్ముడుపోకుండా పడి ఉందో అడిగితే ఠక్కున చెప్పగలదు. పెద్ద కంపెనీల జోలికి వెళ్ళదు. వాళ్ళ దగ్గర అన్నీ కొత్తవే, అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. ఆమె చూసేవి ఒక్కో మనిషి ఒక్కడే నడుపుకునే చిన్న షాపుల వెబ్‌సైట్లు. ఆ మనుషులకి అదో పిచ్చి. పాత గిటారు చేతికొస్తే దాని ఒంటి మీద ప్రతి గీతనీ, ప్రతి సొట్టనీ దగ్గర్నుంచి ఫోటో తీసి పెడతారు. తూచి బరువు రాస్తారు. ఓ నిమిషం వాయించి ఆ క్లిప్ కూడా పెడతారు. లోపం దాచి అమ్మితే రాత్రి నిద్రపట్టని రకం. ఆమెకి కావలసినవి ఆ గీతలూ సొట్టలే.

ఎనిమిది నెలల కిందట ఒక ఉదయం ఆమె భర్త గిటారు వీపుకి తగిలించుకుని ఇంట్లోంచి బయలుదేరాడు. మళ్ళీ రాలేదు. పోలీసులు మొదటి వారం వాళ్ళే ఫోన్ చేశారు. రెండో నెలలో ఆమె చేస్తే ఎత్తేవారు. ఇప్పుడు ఎత్తడం కూడా మానేశారు. మనిషి జాడ దొరక్కపోతే గిటారు జాడైనా దొరకాలి కదా అని ఆమె ఆలోచన. అది ఎవరి చేతిలో పడినా ఎప్పుడో ఒకప్పుడు అమ్మకానికి పెడతారు. గిటారు దొరికితే అమ్మినవాడు దొరుకుతాడు. అమ్మినవాడు దొరికితే ఆయన దొరుకుతాడు. ఈ ఒక్క ఆశ పట్టుకునే ఆమె రోజూ పొద్దున్న లేస్తోంది.

గిటారుని గుర్తుపట్టడం ఆమెకి పెద్ద పని కాదు. వేళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియడానికి మెడ మీద తెల్లటి చుక్కలు పొదుగుతారు. వాటిలో ఒకటి ఎప్పుడో ఊడిపోయింది. ఆమె ఒక చలువ కళ్ళద్దాల ముక్కని తన మిషను మీదే అరగదీసి, కందిగింజంత బిళ్ళ చేసి, ఆ గుంటలో అతికించింది. మిగతా చుక్కలన్నీ తెలుపు, అదొక్కటే పొగచూరిన నీలం. లోకంలో ఇంకో గిటారుకి అలాంటి చుక్క ఉండే అవకాశమే లేదు.

ఆయన పిల్లలకీ పెద్దలకీ గిటారు నేర్పే మాస్టారు. చివరి రోజుల్లో సొంతంగా ఒక రాగం కట్టుకుంటూ ఉండేవాడు. మూడు ముక్కలు వచ్చాయి, నాలుగోది రాలేదు. రోజూ తెల్లవారగానే ఆ మూడు ముక్కలూ వాయించి, సరిగ్గా ఒకేచోట ఆగిపోయేవాడు. వినేవాళ్ళకి వచ్చీ రాని తుమ్ములా ఉండేది. ఆ రోజు ఆమెకి తలనొప్పి. వంటగదిలోంచి అరిచింది. "ఇంకొక్కసారి అది నా చెవిన పడితే ఊరుకోను. ఎక్కడికన్నా పోయి వాయించుకోండి."

ఆయన కోప్పడలేదు. "సరేలే, పూర్తయ్యాకే వస్తాను" అన్నాడు నవ్వుతూ.

ఆ మాట ఆమెని ఎనిమిది నెలలుగా లోపల్లోపల కోస్తూనే ఉంది. పొమ్మన్నది తనే. ఆ సంగతి పోలీసులకి చెప్పలేదు, ఆడపడుచుకీ చెప్పలేదు.

గురువారం మధ్యాహ్నం ఒంటిగంటా పది నిమిషాలకి నీలం చుక్క కనిపించింది.

ఎప్పుడూ చూసే షాపే. కొత్తగా పెట్టిన వాటిలో నాలుగోది. ఫోటోని వేళ్ళతో పెద్దది చేసి చూసింది. బిళ్ళ అంచు మీద ఒకచోట మిషను కాస్త ఎక్కువ తినేసిన నొక్కు కూడా అలాగే ఉంది. ఆమె చేతిపనే. చేతిలో ముద్ద డబ్బాలోనే వదిలేసింది. కింద శబ్దం వినడానికి గుర్తు ఉంది, దాన్ని నొక్కి ఫోను చెవికి ఆనించుకుంది.

మొదటి ముక్క. రెండో ముక్క. మూడో ముక్కలో ఒకచోట ఆయన బొటనవేలు ఎప్పుడూ జారుతుంది, ఎంత జాగ్రత్తపడినా జారుతుంది. అక్కడ జారింది. తర్వాత, ఎప్పుడూ ఆగేచోటే ఆగింది.

చుట్టుపక్కలవాళ్ళు ఏమైందని అడుగుతున్నారు. ఆమె వెక్కిళ్ళు పెట్టి ఏడుస్తోందని ఆమెకే తెలియలేదు.

షాపు నంబరుకి ఫోన్ చేసింది. ఎత్తిన మనిషి పెద్దవాడిలా ఉన్నాడు, మాట మధ్యలో దగ్గుతున్నాడు.

"చెప్పండమ్మా, ఏ గిటారు గురించి?"

"నీలం చుక్క ఉన్నదండీ. అది మీకు ఎవరు అమ్మారు?"

"ఎవరూ అమ్మలేదమ్మా. స్టాకు గది సర్దుతుంటే దొరికింది. మేము పంపిన పార్శిలు ఎవరైనా తీసుకోకపోతే మాకే తిరిగొస్తుంది. అలా వచ్చినదే అయ్యుంటుంది, నేనే ఎప్పుడో పంపి మర్చిపోయి ఉంటాను అనుకున్నాను."

"ఆ క్లిప్ ఎవరు వాయించారు?"

"నేనే." ఆయన గొంతులో కొంచెం గర్వం వినిపించింది. "ఏ గిటారుకైనా నేను వాయించేది ఒకటే ముక్క. ముక్క మారిస్తే కొనేవాళ్ళు దేన్ని దేంతో పోల్చుకుంటారు చెప్పండి? పద్ధెనిమిదేళ్ళుగా అదే వాయిస్తున్నా. మా ఆవిడకి వింటేనే తిక్క."

"ఒక్కసారి వినండి."

"ఇప్పుడా?"

"ఇప్పుడే. దయచేసి."

అవతల మీట నొక్కిన చప్పుడు. ఫోనులోంచి, ఆ షాపు గదిలోంచి, భర్త రాగం సన్నగా వినిపించింది. అది ఆగిపోయాక షాపాయన మళ్ళీ మొదటి నుంచి పెట్టాడు. వింటున్నంతసేపూ దగ్గలేదు.

"ఇది నేను వాయించింది కాదమ్మా" అన్నాడు చివరికి. "గిటారు ఒళ్ళో పెట్టుకుని రికార్డు చేసింది నేనే. కానీ ఇది నేను వాయించలేదు."

పార్శిలు మీద అంటించిన చీటీ ఇంకా ఉంటే చూడమని అడిగింది. పాత అట్టపెట్టె వెతకడానికి ఆయనకి పది నిమిషాలు పట్టింది. మిషన్లు మొదలయ్యాయి. ఆమె ఒక చెవి మూసుకుని మెట్ల దగ్గర నిలబడింది.

"పంపినవాళ్ళ చోట మా షాపు పేరే ఉందమ్మా. చేతిరాత మాత్రం నాది కాదు. అందుకోవలసినవాళ్ళ చిరునామా..." ఆయన చదివాడు.

అది ఆమె ఇల్లు. ఫ్లాటు నంబరుతో సహా. తేదీ, భర్త వెళ్ళిన మర్నాటిది. అది మా ఇల్లేనని చెప్పింది.

"మూడుసార్లు వచ్చారట మీ ఇంటికి. మూడుసార్లూ తలుపు తీయలేదు అని రాసుంది."

ఆ మూడు రోజులూ ఆమె పోలీస్ స్టేషనుకీ ఆసుపత్రులకీ మధ్య తిరుగుతోంది. ఇంటికి తాళం. తను ఊరంతా వెతుకుతుంటే అది తన గుమ్మం ముందు మూడుసార్లు నిలబడి వెళ్ళిపోయింది.

షాపాయన మంచివాడు. గిటారు ధర మాట ఎత్తనివ్వలేదు. "మీ పేరు మీద ఉన్న పార్శిలు నేను మళ్ళీ మీకు అమ్మడమేంటమ్మా? రేపే పంపేస్తాను. తీగలన్నీ వదులు చేసి పెడతాను. పెట్టె అందాక ఒక రోజంతా ముట్టుకోకండి, తెరవకండి."

"తెలుసండీ. మా ఆయన కూడా అంతే."

అది ఆ పనివాళ్ళందరి పద్ధతి. బండిలో ఎండకీ చలికీ తిరిగొచ్చిన చెక్కని ఒక్కసారిగా ఇంటి గాలిలో పెడితే పైపూత పగిలిపోతుందట. అందుకని పెట్టె మూసి ఉండగానే ఒక రోజు గదిలో ఉంచాలి. ఆయన కొత్త గిటారు తెప్పించినప్పుడల్లా ఆ పెట్టె చుట్టూ పిల్లిలా తిరిగేవాడు గానీ ఇరవైనాలుగు గంటలు గడవకుండా కత్తెర పట్టేవాడు కాదు.

ఆదివారం పదకొండింటికి పెట్టె వచ్చింది. ఇద్దరు మోసుకొచ్చారు. లిఫ్టులోంచి గుమ్మం దాకా తెచ్చేసరికి వాళ్ళకి చెమటలు పట్టాయి.

"గిటారని రాసుందమ్మా దీని మీద" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు, నడుం మీద చెయ్యి పెట్టుకుని. "ఇనప్పెట్టెకి తీగలు కట్టి వాయిస్తారా ఏంటి?"

పై అంతస్తులో ఉండే ఆడపడుచు ఆ అలికిడికి కిందకి దిగివచ్చింది. ఆమె హైస్కూల్లో లెక్కల టీచరు. క్లాసులో మాట్లాడితే వీధిలోకి వినిపించే గొంతు. తమ్ముడు తనంతట తనే ఎక్కడికో పోయాడని ఆవిడ తీర్మానించేసింది. పైకి అందరితోనూ అదే అంటుంది. కళ్ళు ఎందుకు ఎర్రగా ఉన్నాయంటే నిద్రలేదంటుంది.

"మొగుడు రాకపోయినా గిటారొచ్చింది" అంది పెట్టె చుట్టూ తిరిగి చూస్తూ. "ఇంకేం, తెరువు."

"రేపు పదకొండు దాకా తెరవకూడదు వదినా."

"అదెందుకు?"

ఆమె చెప్పింది.

"ఎనిమిది నెలలు ఆగినదానివి ఒక్క రోజు ఆగలేవా అనాలి నేను. కానీ నిన్ను చూస్తే పళ్ళతో చింపేసేలా ఉన్నావు. కాస్త ఏమన్నా తిన్నావా పొద్దున్నించి?"

ఆవిడ ఆ మాట అనగానే గదిలో ఏదో మోగింది. సన్నగా, లోతుగా, ఒక్క క్షణం. ఇద్దరూ పెట్టె వైపు చూశారు.

గిటారు గోడకి వేలాడుతూ ఉన్న రోజుల్లో ఇది మామూలే. గదిలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే బిగిసి ఉన్న తీగలు వాటంతటవే కదిలి చిన్నగా పలుకుతాయి. ఈవిడ గొంతుకి మరీను. మెట్ల మీద ఉండగానే మోగేది. ఆయన గిటారు చూపించి "అక్క బయల్దేరింది" అనేవాడు.

"వాడి మాట గుర్తొచ్చింది" అంది ఆడపడుచు. ఈసారి ఆవిడ గొంతు చిన్నదైపోయింది. అయినా పెట్టె మళ్ళీ పలికింది.

"షాపాయన తీగలు వదులు చేసి పంపుతానన్నాడు వదినా. వదులు తీగలు పలకవు."

"మర్చిపోయుంటాడు." ఆవిడ వెనక్కి ఒక అడుగు వేసింది. కిటికీ బయట ఆకాశం ముసురుపట్టింది, నాలుగు చినుకులు అద్దం మీద పడ్డాయి. "మేడ మీద బట్టలున్నాయి. తీసి వస్తాను. నువ్వు పైకి రా, కాస్త తిందువుగాని. దీని ముందు ఒక్కదానివీ కూర్చోకు."

"వస్తాలే. మీరు పదండి."

వెళ్ళలేదు. వెళ్ళదని ఆవిడకీ తెలుసు.

వాన పెరిగింది. పట్టపగలే గది చీకటిపడ్డట్టయింది. లైటు వెయ్యాలనిపించలేదు. తడిసిన అట్ట వాసన, దాని కింద చెక్కపూత వాసన, ఇంకా అడుగున... ఆయన చొక్కా కాలరు వాసన. ఎనిమిది నెలలుగా బీరువాలో దాచుకున్న చొక్కాలో కూడా ఎప్పుడో పోయిన వాసన. ఆమె పెట్టె పక్కన నేల మీద కూర్చుని, అట్ట మీద చెంప ఆనించింది.

"మీరేనా?" అంది మెల్లగా.

పెట్టె పలికింది. మూడు అక్షరాలకి మూడు చిన్న మోతలు.

ఆమె ఏడ్చింది, నవ్వింది, మళ్ళీ మాట్లాడింది. ఇంటి సంగతులు చెప్పింది. మీ శిష్యులు ఇంకా ఫోన్ చేస్తున్నారంది. మీ చెప్పులు గుమ్మం దగ్గరే ఉంచానంది. అన్న ప్రతి మాటకీ లోపలి నుంచి మోత వచ్చింది. తప్పు ఒప్పుకోవాలని ఎనిమిది నెలలుగా దాచుకున్న మాట గొంతు దాకా వచ్చింది. నోరు తెరవబోయింది.

నేనే పొమ్మన్నాను. ఆ మాట విరుపూ సాగతీతా అచ్చంగా అలాగే పెట్టె లోపల మోగింది. ఆమె ఇంకా అనలేదు.

చెంప అట్ట మీద నుంచి తీసింది.

అనుకోకుండా ఏదో ఒకటి అనాలని చూసింది. ఏమందాం... వానెక్కువైంది అందాం. పెట్టె ముందు మోగింది. వెనకాలే ఆమె నోరు అంది. "వానెక్కువైంది."

లేచి వెళ్ళిపోవలసిన సమయం అదే. తలుపు పది అడుగుల దూరంలో ఉంది. పైన ఆడపడుచు బట్టలు దులుపుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది. కానీ అప్పుడే లోపల రాగం మొదలైంది.

మొదటి ముక్క. రెండో ముక్క. మూడో ముక్కలో బొటనవేలు జారలేదు. నున్నగా, తడుముకోకుండా సాగిపోయింది. ఆమెకి తెలిసింది. తెలిసినా ఆ సంగతిని పక్కకి నెట్టేసింది, ఎందుకంటే రాగం ఆగలేదు. ఎప్పుడూ ఆగేచోటు దాటింది. నాలుగో ముక్క. ఆయన నెలల తరబడి వెతికినా దొరకని ముక్క. అందంగా ఉంది.

పూర్తయ్యాకే వస్తానన్నాడు. పూర్తయింది.

ఫోను మోగింది. షాపాయన.

"అమ్మా, పెట్టె వచ్చిందా?" దగ్గు తెరలు తెరలుగా వస్తోంది. "తెరిచారా?"

"లేదండీ."

"తెరవకండి. రేపు కూడా వద్దు. నేను చెప్పేది వినండి. నిన్ననే చెబుదామనుకున్నా, నమ్ముతారో లేదోనని... తీగలు వదులు చేద్దామని కూర్చున్నాను. చెయ్యలేకపోయాను. మరలు తిప్పుతుంటే అవే మళ్ళీ బిగుసుకున్నాయి. భయమేసి గిటారు పెట్టెలో పెట్టేసి, ముందు గదిలోకి వెళ్ళి మంచినీళ్ళు తాగి వచ్చాను. రెండు నిమిషాలు. వచ్చేసరికి పెట్టె మూసేసి, టేపు వేసి ఉంది."

"ఎవరు వేశారు?"

"షాపులో నేనొక్కణ్ణే ఉంటానమ్మా." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "అంత బరువెందుకుందో కూడా తెలియదు. వదిలించుకుంటే చాలనిపించి పంపేశాను. తప్పు చేశాను. ఒకటి మాత్రం... టేపు చుట్ట పెట్టె పక్కనే పెట్టి వెళ్ళాను. కొత్త చుట్ట. అది ఇప్పటిదాకా కనిపించలేదు. వెనక్కి పంపేయండి. ఖర్చు నేను పెట్టుకుంటాను."

ఆమె వంగింది. పెట్టె పైన అంటించిన టేపు చూస్తోంది. గోధుమరంగు టేపు, చివర చిన్న త్రికోణంలా లోపలికి మడిచి ఉంది.

ఇంట్లో టేపు వాడితే ఆయన ఎప్పుడూ అలాగే మడిచేవాడు. తర్వాత తీసేవాళ్ళు గోళ్ళతో గీక్కోకూడదని. ఇంత ముందుచూపు డబ్బు విషయంలో ఉంటే బాగుండేదని ఆమె ఎన్నోసార్లు ఏడిపించింది. ఈ పెట్టె కట్టింది ఆయనే. ఇందులో అనుమానం లేదు. ఆయన చెయ్యి ఈ అట్టని తాకింది.

ఫోను పెట్టేసింది.

పెట్టెలోంచి మోత వచ్చింది. వెంటనే ఆమె నోరు కదిలింది. "తెరుస్తున్నాను."

వంటగదిలోంచి కత్తి తెచ్చింది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు తెచ్చిందో గుర్తులేదు. త్రికోణం పక్క నుంచి కత్తి మొన దింపి, పెట్టె పొడవునా లాగింది. టేపు తెగింది. అట్ట మూతలు రెండూ వేలెడంత విచ్చుకున్నాయి.

అంతకంటే విచ్చుకోలేదు. లోపలి వైపు కూడా టేపు ఉంది.

ఆమెకి అర్థం కాలేదు. రోజంతా వెంట్రుకవాసి తేడాలు పట్టుకునే కళ్ళు ఆమెవి. వంగి సందులోకి చూసింది. టేపు జిగురు వైపు పైకి, ఆమెకేసి ఉంది. అంటే బయటి నుంచి వేసింది కాదు. లోపల ఉండి, పైకి చూస్తూ, మూతల కింద అంటించినది.

దాన్నీ కోసింది.

అప్పుడు వినిపించింది. చర్ర్ర్... మని చుట్టలోంచి టేపు లాగే చప్పుడు. పెట్టె లోపల. కోసినచోట ఇంకో పొర అడ్డం వచ్చింది. అట్ట కింద నుంచి ఒక బొటనవేలు దాన్ని ఈ చివర నుంచి ఆ చివరకి గట్టిగా నొక్కుకుంటూ పోయింది. అట్ట పైకి ఉబ్బుతూ ఆ వేలు వెళ్ళిన దారి కనబడింది. మధ్యలో ఒకచోట అది జారింది.

ఆమె కత్తి పట్టుకున్న చెయ్యి గాలిలో ఆగిపోయింది.

ఆయన. ఆయనే. లోపల ఉన్నాడు.

మూస్తున్నది ఆయన. మరి మోగుతున్నది... తన మాటలు తనకంటే ముందు అంటున్నది, రాగం తప్పు లేకుండా పూర్తి చేసింది, తెరవమంటున్నది... అది ఆయన కాదు. లోపల ఇద్దరున్నారు. ఒకటి బయటికి రావాలని చూస్తోంది. ఒకరు రానివ్వకుండా మూసి పట్టుకుని ఉన్నారు. ఎనిమిది నెలలుగా. ఆమె కోసమే. మూడుసార్లు ఈ గుమ్మం దాకా పెట్టె వచ్చినప్పుడు తలుపు తీయకపోవడం వల్లనే ఆమె బతికిపోయింది.

అంతా తెలిసింది. కత్తి కింద పెట్టి, బయటికి నడిచి, తలుపు వేసేస్తే చాలు.

పెట్టెని చూసింది. ఒక్క పొర అట్టకి అవతల ఆయన ఉన్నాడు. ఆకలితో ఉన్నాడో, దెబ్బ తగిలిందో, ఎలా ఉన్నాడో. ఎనిమిది నెలలు ఈమె వెతకని చోటు లేదు, చూడని శవం లేదు. ఇప్పుడు దొరికాక వదిలేసి ఎలా వెళ్తుంది? పొమ్మన్నది ఒకసారి. ఇంకోసారి అనగలదా?

"మీరు రాలేకపోతే" అంది, "నన్నయినా రానివ్వండి."

ఈ మాటకి ముందు పెట్టె మోగలేదు. అది ఆమె సొంత మాట. లోపల టేపు చప్పుడు ఆగింది. అట్ట కింద నుంచి నాలుగు వేళ్ళ ఒత్తిడి ఆమె అరచేతికి తగిలింది. తోస్తున్నాయి. వద్దు అన్నట్టు తోస్తున్నాయి.

ఆమె కోసింది.

చర్ర్ర్...

మళ్ళీ కోసింది. ఏడుస్తూ, క్షమించమంటూ, పేరు పెట్టి పిలుస్తూ కోసింది. లోపల చప్పుడు తొందర తొందరగా వస్తోంది. మీద మీద అంటిస్తున్నాడు, నొక్కడానికి కూడా తీరిక లేదు. ఆమె చేతికి వేగం ఎక్కువైంది. పైన ఆడపడుచు మెట్లు దిగుతూ పిలుస్తోంది. ఏం చప్పుడది, ఏం చేస్తున్నావు అంటోంది. ఆ గొంతుకి పెట్టె మోగలేదు. ఇప్పుడు అది మోగడం మానేసి వింటున్నట్టుంది.

ఇంకొక్క పొర. కోసింది.

చప్పుడు రాలేదు.

ఆగి విన్నది. లోపల, టేపు అయిపోయిన అట్ట చుట్ట ఒకటి చేతిలోంచి జారి పడింది. పడి, దొర్లింది.

పెట్టె పొడవు నాలుగడుగులు కూడా లేదు. చుట్ట దొర్లుతూనే ఉంది. పెద్ద హాల్లో గచ్చు మీద నాణెం దొర్లినట్టు, దూరంగా, ఇంకా దూరంగా, పల్లంలోకి పోతున్నట్టు వేగం పుంజుకుంటూ దొర్లుతోంది. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని ఆ శబ్దం ఎప్పుడు ఆగుతుందా అని విన్నది. ఆడపడుచు వచ్చి తలుపు కొడుతోంది. చుట్ట సన్నగా, మరీ సన్నగా వినిపించే దూరానికి పోయింది.

అక్కడ ఎవరో దాన్ని కాలితో ఆపారు.